గోలీలు, బాణాలు, చీటీలు: బడి పిల్లలకు కణ భౌతికశాస్త్రాన్ని ఆటలతో నేర్పడం ఎలా

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి ఈ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు పదిహేడు గళ్ళ స్టాండర్డ్ మోడల్ పట్టిక (మూల కణాల జాబితా) ఒకటి తెచ్చి గోడకి తగిలించాను. అప్, డౌన్, చార్మ్, స్ట్రేంజ్ అని చదువుతూ పోతుంటే తొమ్మిదో తరగతి పిల్లలు ఓ పది నిమిషాలు ఓపిగ్గా రాసుకున్నారు. తర్వాత ఒకమ్మాయి లేచి "సార్, వీటిని ఎవరైనా చూశారా?" అంది. లేదన్నాను. "మరి ఉన్నాయని ఎలా తెలిసింది?" అంది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంతలో గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ఆ అమ్మాయి అడిగినదే అసలు పాఠం అని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అందుకే ఈ పద్ధతిలో పట్టిక అన్నిటికంటే చివర వస్తుంది. అంతకుముందు పిల్లలు ఆరేడు పీరియడ్లపాటు, కంటికి కనపడనిదాన్ని అది వదిలిన గుర్తులనిబట్టి పట్టుకునే ఆటలు ఆడతారు. 8 నుంచి 10వ తరగతి వరకు అన్నీ పనికొస్తాయి. 6, 7 తరగతులకైతే మొదటిదీ నాలుగోదీ చాలు, మిగతావి ఇరికిస్తే విసుగొస్తుంది. సామాను కూడా పెద్దగా ఏం లేదు: అట్టలు, గోలీలు, చార్టు పేపర్లు, స్కెచ్ పెన్నులు, స్కేలు, చీటీలకి కాగితం. కణాల జాడలు చూపించే తొట్టికి, అంటే క్లౌడ్ ఛాంబర్‌కి మాత్రం విడిగా కొన్ని కావాలి, అది చివర్లో చెప్తాను.

మొదటి మెట్టు: ఎత్తకూడని అట్ట

నలుగురు పిల్లలకి ఒక సెట్టు చొప్పున తయారు చేసుకోండి. 40 సెంటీమీటర్ల చదరపు అట్ట, దాని కింద మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున్న చెక్కముక్క ఒకటి అంటించి ఉండాలి. ఒక సెట్టులో త్రిభుజం, ఇంకోదాంట్లో చతురస్రం, ఇంకోదాంట్లో గుండ్రటిది, ఒకదాంట్లో మాత్రం వంకరటింకరది. థర్మోకోల్ వాడొద్దు, నేను ఒకసారి వాడితే గోలీ తగిలి అక్కడే చతికిలబడింది తప్ప వెనక్కి రాలేదు, పీరియడ్ మొత్తం వృథా. చెక్క అయితే ఠక్కున తిప్పి కొడుతుంది.

పిల్లలు పక్కలనుంచి అట్ట కిందికి గోలీలు దొర్లించాలి. ఎటునుంచి వెళ్ళింది, ఎటు బయటికొచ్చింది అన్నది అట్టమీద పరిచిన కాగితంపై గీతలుగా గీయాలి. తొంగి చూడకూడదు, చెయ్యి పెట్టకూడదు, అట్ట ఎత్తకూడదు. ఓ ఇరవై నిమిషాల్లో గీతల మధ్యన ఖాళీగా మిగిలిన చోటే ఆకారం అని వాళ్ళకే తోస్తుంది. చిన్న ముక్క అయితే గోలీలు ఎక్కువసార్లు సూటిగా అవతలికి పోతాయి, అప్పుడప్పుడు ఒకటి వెనక్కి తన్నుకొస్తుంది. ఆ ఒక్కటి వచ్చిన క్షణంలో పిల్లల మొహాలు చూడండి, రూథర్‌ఫర్డ్ కథ చెప్పాల్సిన సమయం అదే.

1909లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్ పలుచని లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలారు. దాదాపు అన్నీ రేకులోంచి దూసుకుపోయాయి. కానీ సుమారు ఎనిమిది వేలల్లో ఒకటి మాత్రం వచ్చిన వైపుకే తిరిగొచ్చింది. పరమాణువులో ఆవేశం అంతటా పరుచుకుని ఉంటే అలా జరగదు, చాలా చిన్నచోట గట్టిగా కూరుకుని ఉండాలి అని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చాడు. కేంద్రకం దొరికింది అలాగే, ఎవరూ దాన్ని చూడలేదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని: పీరియడ్ అయ్యాక కూడా అట్ట ఎత్తకండి. పిల్లలు బతిమాలతారు, అలుగుతారు, ఒకడు బ్యాగు సర్దుకునే వంకతో కిందికి వంగుతాడు. "రూథర్‌ఫర్డ్‌కి ఎవరైనా మూత తీసి చూపించారా?" అనండి, అంతే. రెండు జట్లకి ఒకే అట్ట ఇచ్చి, వాళ్ళ బొమ్మలు కలిశాయో లేదో పోల్చుకోమనండి. నిజమైన శాస్త్రంలో సరిచూసుకునే దారి అదొక్కటే.

రెండో మెట్టు: లెక్కపెట్టి కొలవడం

ఆకారం కనుక్కున్నారు సరే, స్కేలు పెట్టకుండా సైజు కనుక్కోగలరా? ఇది నాకు బాగా ఇష్టమైన ఆట, ఎందుకంటే దీన్లో లెక్క ఉంది కానీ భయపెట్టే లెక్క కాదు.

నేలమీద 60 సెంటీమీటర్ల వెడల్పు బాట గీయండి, రెండు వైపులా పుస్తకాలు గోడలా పెట్టండి. బాటకి అడ్డంగా ఆరు గోలీలు ఎడం ఎడంగా వరసలో పెట్టండి. పక్కపక్క గోలీల మధ్య కనీసం రెండు గోలీలు పట్టేంత జాగా వదలాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఇప్పుడు పిల్లలు ఒకటిన్నర మీటరు దూరంనుంచి, కళ్ళు మూసుకుని, అదే సైజు గోలీని దొర్లించాలి. వరసలో దేనికి తగిలినా ఒక దెబ్బ. కదిలిన గోలీని మళ్ళీ దాని చోట పెట్టాలి. ఒకే గోలీ రెండింటికి తగిలినా ఒక దెబ్బే. పుస్తకాలకి గుద్దుకుంటే ఆ విసురు లెక్కలోకి రాదు.

లెక్క ఇలా వస్తుంది. వెళ్ళే గోలీ కేంద్రం, ఉన్న గోలీ కేంద్రం నుంచి ఇటు ఒక వ్యాసం, అటు ఒక వ్యాసం దూరంలోపు వస్తే తగులుతుంది, అంటే ఒక్కో గోలీ బాటలో రెండు వ్యాసాల వెడల్పుని ఆక్రమించినట్టు. ఆరు గోలీలంటే పన్నెండు వ్యాసాలు. బాటలో ఎంత భాగం ఆక్రమించి ఉందో, విసిరినవాటిలో అంత భాగమే దెబ్బలు కావాలి. కాబట్టి దెబ్బల్ని బాట వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని పన్నెండు రెట్ల విసుర్లతో భాగిస్తే వ్యాసం వచ్చేస్తుంది. 200 విసుర్లలో 62 దెబ్బలు పడ్డాయనుకోండి: 62 ఇంటూ 60 అంటే 3720, దాన్ని 2400తో భాగిస్తే 1.55 సెంటీమీటర్లు. ఇప్పుడు స్కేలు పెట్టి కొలవమనండి. మామూలు గోలీ 1.6 సెంటీమీటర్లు ఉంటుంది. స్కేలు పెట్టకుండా, చూడకుండా, కేవలం లెక్కపెట్టి ఇంత దగ్గరికి రావడం చూసి పిల్లలు నిజంగా నమ్మరు, ఇంకోసారి చేస్తాం అంటారు. చేయనివ్వండి.

ఒక జట్టుకి 2.3 సెంటీమీటర్లు వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో నేను చెప్పలేదు, వాళ్ళనే వెతకమన్నాను. కాసేపు గుణకారం తప్పేమో అని చూశారు, బాట వెడల్పు మళ్ళీ కొలిచారు, చివరికి ఒకబ్బాయి నసుగుతూ "నేను కొంచెం కళ్ళు తెరిచే వేశాను సార్" అన్నాడు. గురిపెట్టి వేస్తే దెబ్బలు ఎక్కువ పడతాయి, గోలీ లావు అయిపోతుంది. ఆ అబ్బాయిని తిట్టకండి, ఆ పూట తరగతికి అంతకంటే మంచి పాఠం దొరకదు. కొలతలో పక్షపాతం అంటే ఏంటో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేకుండా పోతుంది.

మూడో మెట్టు: క్వార్క్ బాణాలు

ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివాటి లోపలుండే క్వార్క్‌లకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే "రంగులు" ఉంటాయని, మూడూ కలిస్తే తెలుపు అవుతుందని చెప్పే పద్ధతి ఒకటుంది. పర్లేదు గానీ, వ్యతిరేక రంగుల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు గందరగోళపడతారు. నేను రంగుల బదులు దిక్కులు వాడతాను.

పది సెంటీమీటర్ల బాణాలు అట్టతో కత్తిరించండి. గడియారం ముల్లులా అనుకుంటే, ఎర్ర బాణం ఎప్పుడూ పన్నెండు వైపే చూడాలి, ఆకుపచ్చది నాలుగు వైపు, నీలం ఎనిమిది వైపు. ప్రతి-క్వార్క్‌లకి (క్వార్క్‌కి ఆవేశం తలకిందులైన జోడీలకి) సరిగ్గా ఎదురు దిక్కు: ప్రతి-ఎరుపు ఆరు వైపు, ప్రతి-ఆకుపచ్చ పది వైపు, ప్రతి-నీలం రెండు వైపు. వీటిమీద చారలు గీస్తే తేడా తెలుస్తుంది. ప్రతి రంగులోనూ రెండు అప్, రెండు డౌన్, అలాగే ప్రతి-క్వార్క్‌లూ, మొత్తం 24 బాణాలు ఒక జట్టుకి. బాణం వెనక ఆవేశం రాయండి: అప్‌కి +2/3, డౌన్‌కి −1/3, ప్రతి-అప్‌కి −2/3, ప్రతి-డౌన్‌కి +1/3.

నియమం ఒక్కటే. బాణాల్ని ఒకదాని మొనకి ఇంకోదాని తోక ఆనించి పేర్చుకుంటూ పోవాలి, దిక్కు మార్చకూడదు, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. తిరిగొస్తే ఆ కణం ప్రకృతిలో ఉండొచ్చు, రాకపోతే ఉండదు. ఇంతకుమించి ఏమీ చెప్పకుండా పావుగంట వదిలేయండి.

ముందు త్రిభుజాలు వస్తాయి, ఎరుపు-ఆకుపచ్చ-నీలం. తర్వాత ఎవరో ఒకరు వెళ్ళి వెనక్కి వచ్చే జంట కనిపెడతారు, క్వార్క్ ఒకటి, అదే రంగు ప్రతి-క్వార్క్ ఒకటి. మొదటివి బేరియాన్లు, రెండోవి మెసాన్లు, పేర్లు ఇప్పుడు చెప్పండి, ముందు కాదు. ఒంటరి క్వార్క్ ఎందుకు దొరకదు అన్నదానికి కూడా జవాబు వాళ్ళ చేతిలోనే ఉంది: ఒక్క బాణంతో బయలుదేరిన చోటికి ఎలా తిరిగొస్తారు?

ఇప్పుడు ఆవేశాలు కూడమనండి. రెండు అప్‌లు, ఒక డౌన్: +1, అది ప్రోటాన్. ఒక అప్, రెండు డౌన్‌లు: సున్న, న్యూట్రాన్. మూడు అప్‌లైతే +2. మూడు డౌన్‌లైతే −1. మెసాన్లకీ +1, 0, −1 తప్ప ఇంకేమీ రావు. బాణాలమీద ఉన్నవన్నీ భిన్నాలే, కానీ ఏ మూసిన దారి తీసుకున్నా పూర్ణ సంఖ్యే వస్తోంది. ఎందుకు? ఇక్కడ ఆగి, వాళ్ళని తల గోక్కోనివ్వండి. చివరికి చెప్పాల్సి వస్తే ఇలా చెప్పండి: అప్ తీసి డౌన్ పెడితే ఆవేశం సరిగ్గా 1 తగ్గుతుంది. మూడు అప్‌లకి 2 వచ్చింది కదా, అందులోంచి ఒకటొకటి తగ్గిస్తూ పోతే పూర్ణ సంఖ్యలే వస్తాయి తప్ప భిన్నం ఎక్కడినుంచి వస్తుంది?

ప్రతి తరగతిలోనూ ఒక పెంకె పిల్ల ఐదు బాణాలతో దారి మూస్తుంది, ఒక త్రిభుజం, దానికి తోకలా ఒక జంట. "ఇది తప్పా సార్?" అని అడుగుతుంది. తప్పు కాదు. నాలుగు క్వార్క్‌లు, ఒక ప్రతి-క్వార్క్ ఉన్న అలాంటి కణాన్ని సెర్న్ అనే యూరప్ కణ ప్రయోగశాలలోని ఎల్‌హెచ్‌సీబీ బృందం 2015లో ప్రకటించింది, పెంటాక్వార్క్ అంటారు. క్వార్క్‌ల ఆలోచన గెల్-మాన్, జ్వైగ్‌లకి వచ్చింది 1964లో, అంటే మధ్యలో యాభై ఏళ్ళు పట్టింది, ఆ పిల్లకి పదిహేను నిమిషాలు. ఈ మాట చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి.

ఒక హెచ్చరిక కూడా: క్వార్క్‌కి నిజంగా రంగు లేదు, దిక్కూ లేదు. మనం వాడేది గుర్తు మాత్రమే. ఈ మాట ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పండి. ఆ గుర్తు అసలు ఎందుకు అవసరమైందో కూడా పై తరగతివాళ్ళకి చెప్పొచ్చు. 1964లోనే అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో ఒమేగా-మైనస్ అనే కణం దొరికింది, దాంట్లో మూడూ స్ట్రేంజ్ క్వార్క్‌లే. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే మూడు ఒకే స్థితిలో ఉండటానికి పౌలీ నియమం ఒప్పుకోదు కదా, కాబట్టి వాటిమధ్య మనకి తెలియని తేడా ఇంకేదో ఉండాలి. ఆ తేడాకి పెట్టిన పేరే రంగు.

టైం మిగిలితే ఇంకో చిక్కు. అప్ ద్రవ్యరాశి సుమారు 2.2, డౌన్‌ది 4.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం). ప్రోటాన్‌కి కూడమనండి: 9.1. కానీ ప్రోటాన్ కొలిస్తే 938. మిగతా 929 ఎక్కడినుంచి వచ్చింది? క్వార్క్‌లని కట్టిపడేసే బలంలో, వాటి కదలికలో ఉన్న శక్తే మనకి బరువుగా తెలుస్తోంది. మన ఒంటి బరువు కూడా దాదాపు అంతా అదే అని చెప్పి ఊరుకోండి, ఆ రాత్రి వాళ్ళకి నిద్ర పట్టకపోతే మంచిదే.

నాలుగో మెట్టు: పిల్లలే డిటెక్టర్

బయట మైదానంలోకి తీసుకెళ్ళండి. మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ నాలుగు వలయాలు, ఒక్కో వలయంలో కొందరు పిల్లలు. మొదటి వలయం జాడ పట్టేది, రెండోది ఎలక్ట్రాన్లనీ ఫోటాన్లనీ ఆపేది, మూడోది ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివాటిని ఆపేది, బయటది మ్యూయాన్ల కోసం (మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ). సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో ఉన్న అట్లాస్, సీఎంఎస్ డిటెక్టర్లు పనిచేసేదీ ఇలా పొరలు పొరలుగానే.

కణం వేషం వేసే పిల్లకి ఒక చీటీ ఇవ్వండి. ఎలక్ట్రాన్ అయితే మొదటి వలయంలో ఒకరి భుజం తట్టి, రెండోదాంట్లో ఒకరిని తట్టి అక్కడే ఆగిపోవాలి. ఫోటాన్ మొదటిదాన్ని తాకకుండా వెళ్ళి రెండోదాంట్లో ఆగాలి. ప్రోటాన్ మొదటిది తట్టి మూడోదాంట్లో ఆగాలి, న్యూట్రాన్ ఎవరినీ తట్టకుండా వెళ్ళి మూడోదాంట్లో మాత్రమే ఆగాలి. మ్యూయాన్ అందరినీ తట్టుకుంటూ బయటికి పోవాలి. తట్టించుకున్నవాళ్ళు తమ వలయం నంబరు అరవాలి. గోడవైపు తిరిగి నించున్న ఇంకో జట్టు అరుపులు విని అది ఏ కణమో చెప్పాలి.

న్యూట్రినో చీటీ వచ్చిన పిల్ల ఎవరినీ తాకకుండా నడిచి వెళ్ళిపోతుంది. ఎవరూ అరవరు. "అయిపోయిందా? ఎవరైనా వెళ్ళారా?" అని జట్టు అడుగుతుంది. అప్పుడు ఆట మార్చండి: ప్రతిసారీ ఇద్దరు ఎదురెదురు దిక్కులకి వెళ్ళాలి. ఇప్పుడు తూర్పున అరుపులు వినపడి పడమర నిశ్శబ్దంగా ఉంటే, పడమరకి ఏదో వెళ్ళిందన్నమాటే. న్యూట్రినోని ఇలాంటి డిటెక్టర్లో ఇలాగే పట్టుకుంటారు, లేనిదాన్నిబట్టి.

ఐదో మెట్టు: జమాఖర్చు పజిళ్ళు

ఒక కణం విడిపోయినప్పుడు ముందు ఎంత ఉందో తర్వాతా అంతే ఉండాలి. పిల్లలకి మూడు గడుల పుస్తకం ఇవ్వండి: ఆవేశం, బేరియాన్ సంఖ్య, లెప్టాన్ సంఖ్య. ప్రోటాన్‌కీ న్యూట్రాన్‌కీ బేరియాన్ సంఖ్య 1. ఎలక్ట్రాన్‌కీ న్యూట్రినోకీ లెప్టాన్ సంఖ్య 1. ప్రతికణాలకి మైనస్ 1. తర్వాత కార్డులు పంచండి, ఏది జరుగుతుంది, ఏది జరగదు అని తేల్చమనండి.

మొదటి కార్డు: న్యూట్రాన్ విడిపోయి ప్రోటాన్, ఎలక్ట్రాన్ అయింది. ఆవేశం సరిపోయింది, బేరియాన్ సరిపోయింది, లెప్టాన్ దగ్గర ఒకటి ఎక్కువొచ్చింది. ఏదో తక్కువైంది అంటారు. దాన్ని పూరించమంటే ఆవేశం లేనిది, లెప్టాన్ సంఖ్య −1 ఉన్నది కావాలని వాళ్ళే వర్ణిస్తారు, అంటే ప్రతి-న్యూట్రినోని వాళ్ళే కనిపెట్టారు. 1930లో పౌలీ చేసింది దాదాపు ఇదే, కాకపోతే ఆయనకి తేడా వచ్చింది శక్తి లెక్కలో. ఆ కణం నిజంగా ఉందని రైన్స్, కోవన్ రుజువు చేసేసరికి 1956 వచ్చింది.

రెండో కార్డు: ప్రోటాన్ విడిపోయి పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ ప్రతికణం), ఆవేశం లేని పయాన్ (ఒక మెసాన్). ఆవేశం సరే, బేరియాన్ సంఖ్య పోయింది, కుదరదు. మూడోది అసలు వల: ఒంటరి ప్రోటాన్ విడిపోయి న్యూట్రాన్, పాజిట్రాన్, న్యూట్రినో అయింది. మూడు గడులూ చక్కగా సరిపోతాయి, అందరూ టిక్కు పెడతారు. అప్పుడు ప్రోటాన్ ద్రవ్యరాశి 938.3, న్యూట్రాన్‌ది 939.6 అని బోర్డుమీద రాసి పక్కకి తప్పుకోండి. తనకంటే బరువైనదాన్ని తనలోంచి ఎలా తీస్తుంది? నాలుగో గడి, శక్తి, వాళ్ళే గీసుకుంటారు. ఈ కార్డు ముందే చూపిస్తే పస పోతుంది, కచ్చితంగా మూడోదిగానే ఇవ్వండి.

ఆరో మెట్టు: చీటీల్లో హిగ్స్

కొత్త కణం దొరికిందని ఎప్పుడు నమ్మాలి? దీనికి 192 చీటీలు కావాలి. 1 నుంచి 12 వరకు ఒక్కో అంకె 15 చీటీలమీద, అదనంగా ఇంకో 12 చీటీలమీద 7. ఈ అదనం సంగతి పిల్లలకి చెప్పొద్దు. డబ్బాలో వేసి బాగా కలపండి. ఒక్కొక్కరూ చీటీ తీసి, అంకె చదివి, మళ్ళీ డబ్బాలో వేయాలి. బోర్డుమీద పన్నెండు గళ్ళు గీసి, వచ్చిన అంకె గడిలో ఒక్కో ఇంటూ పెట్టుకుంటూ పోవాలి.

అరవై చీటీలు అయ్యాక ఆపి, ఏమైనా కనిపిస్తోందా అని అడగండి. 7లో ఎనిమిది ఉండొచ్చు, 3లో తొమ్మిది ఉండొచ్చు, సగం తరగతి 3 అంటుంది. పందెం కాయనివ్వండి. తర్వాత కొనసాగించండి. నలభైమంది తలా పదమూడు సార్లు తీస్తే 520 అవుతాయి. అప్పటికి మామూలు గడిలో సుమారు 41 ఉంటాయి, 7లో 73 చుట్టుపక్కల ఉంటాయి. 3 దగ్గర కనపడిన గుట్ట చాలావరకు చదునైపోయి ఉంటుంది.

ఇక కొలమానం. 41 రావాల్సిన చోట దాని వర్గమూలం అంత, అంటే ఆరున్నర అటూ ఇటూ ఊగడం మామూలే. 7 గడిలో అదనం 32, అంటే ఆ ఊపుకి ఐదు రెట్లు. కణ భౌతికశాస్త్రంలో దీన్నే ఐదు సిగ్మా అంటారు, అంతకు తక్కువైతే కనుగొన్నాం అనరు. ఊరికే యాదృచ్ఛికంగా అంత గుట్ట లేచే అవకాశం 35 లక్షల్లో ఒకటి. 2012 జూలై 4న అట్లాస్, సీఎంఎస్ రెండూ 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇలాంటి గుట్టనే చూపించాయి, అదే హిగ్స్ బోసాన్, పట్టికలో అన్నిటికంటే చివర దొరికిన కణం. మీ తరగతిలో చీటీలు పడే తీరునిబట్టి నాలుగు రావచ్చు, ఆరు రావచ్చు, కంగారు పడకండి. తక్కువొస్తే ఇంకో రౌండు తీయండి, వాళ్ళు చేసేదీ అదే.

దీనికి జతగా ఓడిపోయిన కథ కూడా తప్పకుండా చెప్పాలి, నా దృష్టిలో గెలిచిన కథకంటే అదే ముఖ్యం. 2015 డిసెంబరులో ఆ రెండు బృందాలకే 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గుట్ట కనపడింది. సిద్ధాంతకర్తలు వందల పత్రాలు రాసేశారు. 2016లో మరింత డేటా వచ్చేసరికి గుట్ట మాయమైపోయింది. మీ బోర్డుమీద 3 గడిలా అన్నమాట. 3 మీద పందెం కాసినవాళ్ళు ఇది విని కొంచెం తేలికపడతారు.

ఏడో మెట్టు: క్లౌడ్ ఛాంబర్, లేదా నిజమైన డేటా

ఇన్ని రోజులూ ఏదీ చూడలేదు కాబట్టి ఇప్పుడు జాడలు చూపించడానికి అర్థం ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ లేదా గాజు తొట్టి తీసుకుని, అడుగుభాగంలో లోపల ఫెల్ట్ గుడ్డ గట్టిగా అతికించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, నల్లరంగు వేసిన లోహపు పలకమీద బోర్లించండి. ఆల్కహాల్ 95 శాతం పైన ఉండాలి, నీళ్ళు కలిసినది పనిచేయదు. పలక కింద డ్రై ఐస్. అంచులు టేపుతో మూయండి. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేయండి. పది పదిహేను నిమిషాలు ఏమీ కనపడదు, పిల్లలు గోల చేస్తారు, తొందరపడి మూత తీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత పలకకి కాస్త పైన సన్నటి తుంపర పొరలో తెల్లటి గీతలు పుట్టి మాయమవుతుంటాయి.

పొట్టిగా లావుగా ఉన్నది ఆల్ఫా కణం. పొడుగ్గా సన్నగా సూటిగా ఉన్నది చాలావరకు మ్యూయాన్, పైన వాతావరణంలో పుట్టి వచ్చింది. వంకరలు తిరిగేది ఎలక్ట్రాన్. ఒక్కో జట్టుకి మూడు గడుల కాగితం ఇచ్చి పది నిమిషాల్లో ఏవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టమనండి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది, అంటే చాచిన అరచేతిలోంచి సెకనుకి ఒకటి చొప్పున పోతూనే ఉంటాయి. ఇది చెప్పగానే అందరూ చేతులు చూసుకుంటారు.

జాగ్రత్తలు: డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు, మందపాటి గ్లవ్స్ లేకుండా మీరు కూడా ముట్టుకోవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు. బిగించిన డబ్బాలో పెడితే పేలుతుంది. గదిలో గాలి ఆడాలి. ఆల్కహాల్ అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

డ్రై ఐస్ దొరక్కపోతే బాధపడనక్కర్లేదు. సెర్న్ తన డేటాలో కొంత అందరికీ ఉచితంగా పెట్టింది, 2005 నుంచి జరుగుతున్న ఇంటర్నేషనల్ మాస్టర్‌క్లాసెస్‌లో హైస్కూలు పిల్లలు నిజమైన ఢీకొట్టుడు చిత్రాలనే విశ్లేషిస్తారు. నాలుగో మెట్టు ఆడిన పిల్లలకి ఆ చిత్రాల్లో ఏ గీత ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు మ్యూయాన్ల జంటల్ని ఏరి, లెక్కకట్టి, గడుల్లో వేస్తే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గుట్ట లేస్తుంది, అది పట్టికలోని ఇంకో కణం, జెడ్ బోసాన్.

చివర్లో పట్టిక

ఇప్పుడు తగిలించండి, కానీ ఖాళీది. పదిహేడు గళ్ళు గీసి, తమ దగ్గర సాక్ష్యం ఉన్నవాటినే నింపమనండి, పక్కన ఆ సాక్ష్యం ఏంటో ఒక ముక్క రాయాలి. అప్, డౌన్, ఎలక్ట్రాన్, ఫోటాన్, మ్యూయాన్, న్యూట్రినో ఒకటి, హిగ్స్, కుదిరితే జెడ్. సగం గళ్ళు ఖాళీగా మిగిలిపోతాయి. మిగల్నివ్వండి. "టాప్ క్వార్క్ ఉందని ఎలా తెలిసింది?" అని ఒకరు అడుగుతారు, 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో దొరికిందని చెప్పండి, ఎలా అన్నది వాళ్ళనే చదివి వచ్చి తరగతికి చెప్పమనండి. మీకు తెలియని ప్రశ్న వస్తే తెలియదనే అనండి, నాకైతే ప్రతి బ్యాచ్‌లో కనీసం నాలుగు వస్తాయి.

సామానంతా సర్దుతున్నప్పుడు ఎవరో ఒకరు మొదటి రోజు అట్ట పట్టుకొచ్చి "ఇప్పుడైనా చూపించండి సార్" అంటారు. తీసుకుని, అలాగే బీరువాలో పెట్టేయండి. వచ్చే ఏడాది బ్యాచ్‌కి అదే అట్ట కావాలి, ఇంట్లో తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ముందే చెప్పేసే పిల్లలు మీ తరగతిలోనే ఉంటారు.